రాక్షసబల్లుల మహాకాయము: కొన్ని సమాధానముల విమర్శ

భూమిపై నడచిన జంతువులన్నిటిలో పెద్దవి ఏవి అని అడిగినచో పాఠశాల పిల్లలు కూడ తడుముకొనకుండ రాక్షసబల్లులని చెప్పుదురు. అవి అంత పెద్దవి ఎట్లయినవి అని మరల అడిగినచో సమాధానములకు కొదువ ఉండదు. ఎత్తైన చెట్ల ఆకులను అందుకొనుట కొరకు మెడ పెరిగినదని ఒకరు, శత్రువులనుండి కాపాడుకొనుట కొరకు మేను పెరిగినదని మరియొకరు చెప్పుదురు. ఆ కాలపు గాలిలో ప్రాణవాయువు హెచ్చుగా ఉండుటయే కారణమని కొందరు, అంత బరువును నేలపై మోయలేక అవి నీటిలోనే బ్రతికినవని ఇంకకొందరు చెప్పుచుందురు. ఈ మాటలు చిరకాలముగా వినబడుచున్నవి. వీనిలో కొన్ని పూర్తిగా తప్పు. కొన్ని సగము నిజము. ఈ రెంటిని వేరుచేయుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ప్రాణహిత, గోదావరి నదుల లోయలో దొరికిన ఎముకలు ఈ విచారణలో మంచి సాక్షులు.

చర్చ అంతయు మెడ పొడవైన శాకాహార రాక్షసబల్లులను గూర్చినది. శాస్త్రజ్ఞులు వీనిని సారోపాడులందురు. నేటి ఏనుగులలో పెద్ద మగది 6 టన్నుల వరకు తూగును. నేలపై బ్రతికిన క్షీరదములలో అతిపెద్దది, ఖడ్గమృగమునకు దూరపు బంధువైన పారసెరథీరియము. దాని బరువు 15 మొదలు 17 టన్నులని అంచనా. సారోపాడులలో పెద్దవైన దక్షిణ అమెరికా జాతులు 50 టన్నులను మించినవి. చైనాలో దొరికిన ఒక మామెంచిసారస్ జాతి మెడ 15 మీటర్లకు పైగా ఉండెనని 2023లో లెక్కగట్టినారు. జిరాఫీ మెడ సుమారు 2 మీటర్లు మాత్రమే.

శరీరము పెరిగినకొలది చిక్కులును పెరుగునని గెలీలియో 1638లోనే చూపినాడు. ఒక జంతువు అదే ఆకారముతో రెండింతలు పొడవైనచో దాని బరువు ఎనిమిదింతలగును. కాని ఆ బరువును మోయు కాలి ఎముక అడ్డుకోత వైశాల్యము నాలుగింతలే అగును. ఊపిరి, ఆహారము, రక్తప్రసారము అన్నిటికిని ఇట్టి లెక్కయే వర్తించును. కావున క్షీరదములు 17 టన్నులవద్ద ఆగిపోగా, సారోపాడులు ఆ హద్దును దాటి మూడింతల బరువునకు ఎట్లు పోగలిగినవి అనునదే అసలు ప్రశ్న.

ఎముకలు దొరికిన చోటు

రంగారెడ్డి జిల్లాలో, శ్రీశైలము రహదారిపైనున్న తుక్కుగూడ పరిసరములలో ఎటుచూచినను గ్రానైటు గుండ్లే కనబడును. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట, భూమి లోతులలో కరిగిన శిలాద్రవము చల్లారి గట్టిపడగా ఏర్పడినవి. అప్పటికి ఎముకగల ప్రాణి ఏదియు పుట్టలేదు. ఆ రాళ్లను ఎంత పగులగొట్టినను శిలాజము దొరకదు. ఎముక నిలువయుండవలెనన్న నది మోసుకొనివచ్చిన ఇసుక, ఒండ్రు దానిని కప్పి, కాలక్రమమున రాయిగా మారవలెను. అట్టి అవక్షేప శిలలు తుక్కుగూడకు ఈశాన్యమున రెండువందల కిలోమీటర్లకు మించిన దూరమున, ప్రాణహిత గోదావరి లోయలో ఉన్నవి. సింగరేణి బొగ్గు ఆ లోయలోని పాత పొరలది. రాక్షసబల్లుల ఎముకలు దానికి పైనున్న పొరలవి.

ఈ పొరలలో ప్రధానమైనవి కోట పొరలు. సిరొంచ సమీపమున ప్రాణహిత ఒడ్డునగల కోట అను గ్రామమునుబట్టి వీనికి ఆ పేరు వచ్చినది. ఇవి జురాసిక్ యుగపు తొలిభాగమునకు చెందినవని ఎక్కువమంది అభిప్రాయము. అనగా సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటివి. కలకత్తాలోని భారత గణాంక సంస్థ స్థాపకుడైన మహలనోబిస్ ఆహ్వానముపై లండను నుండి వచ్చిన పమేలా రాబిన్సన్ అను శాస్త్రజ్ఞురాలు 1950ల చివర అక్కడ శిలాజ పరిశోధనకు పునాది వేసినది. తెలుగు మాటలాడు జనము గల సిరొంచ తాలూకాలో, పోచంపల్లి గ్రామమువద్ద 1960, 1961 సంవత్సరములలో ఆ సంస్థవారు జరిపిన త్రవ్వకములలో సుమారు 300 ఎముకలు బయటపడినవి. అవి కనీసము ఆరు జంతువులవి. ఒకటిన్నర మీటరుకు మించిన తొడ ఎముకను చూచి 'పెద్ద కాలు' అను అర్థము వచ్చునట్లు బారాపాసారస్ అని, రవీంద్రుని శతజయంతి సంవత్సరమునకు గుర్తుగా టాగోరై అని 1975లో దానికి నామకరణము చేసినారు. దాని పొడవు సుమారు 14 మీటర్లు. తిరిగి కూర్చిన అస్థిపంజరము కలకత్తాలో ఆ సంస్థ ప్రదర్శనశాలలో ఉన్నది.

రెండవ జంతువు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లిది. 1970ల చివర అక్కడ ఒకేచోట 840 ఎముకలు దొరికినవి. కనీసము పండ్రెండు జంతువుల ఎముకలు అందులో కలిసియున్నవి. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరుపెట్టి, 2001లో దాని ఎముకల వివరమంతయు ప్రకటించినారు. దాని పొడవు సుమారు 9 మీటర్లని, బరువు రెండున్నర టన్నులని ఒక అంచనా కలదు. ఆ ఎముకల ఆధారముగా కూర్చిన అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచియున్నది.

ఇదే లోయలో కోట పొరలకంటె క్రిందనున్న మలేరి, ధర్మారము పొరలలో వీని పూర్వులకు దగ్గరి చుట్టములు దొరికినవి. 2011లో వర్ణింపబడిన నంబాలియా, జక్లపల్లిసారస్ అను జాతులు చిన్నవి, తేలికైనవి. నంబాల, జక్లపల్లి గ్రామముల పేర్లే వీనికి పెట్టినారు. 2007లో వర్ణింపబడిన లాంప్లూసారా అను జాతి బరువైన మేనుగలది; పమేలా లాంప్లూ రాబిన్సన్ పేరు దానికి ఉంచినారు. ఒకే లోయలో క్రింది పొరనుండి పై పొరకు వచ్చినకొలది చిన్న జంతువు, దానికంటె పెద్దది, ఆపై సారోపాడులు కనబడుట విశేషము. ఈ జాతులు ఒకదానికొకటి తల్లి బిడ్డలు కావు. అయినను శరీరనిర్మాణము ఏ మెట్టుమీద ఎట్లుండెనో ఇవి చూపగలవు.

నీటిలో నివసించినవా?

అంత పెద్ద దేహమును నీరు తేల్చియుండునని, పొడవైన మెడ గాలి పీల్చుకొను గొట్టమువలె పనిచేసెనని పూర్వము అనేకులు నమ్మినారు. మెడవరకు నీట మునిగిన రాక్షసబల్లుల చిత్రములు ఆ నమ్మకముయొక్క ఫలమే. ఈ వాదమును 1951లో కెర్మాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పరీక్షించెను. లోతుకు పోయినకొలది నీటి ఒత్తిడి హెచ్చును. 6 మీటర్ల లోతున రొమ్ముపై ప్రతి చదరపు సెంటీమీటరునకు 600 గ్రాముల అదనపు ఒత్తిడి పడును. పైన ముక్కుపుటములలోని గాలికి ఆ ఒత్తిడి ఉండదు. ఆ స్థితిలో రొమ్మును విప్పి గాలి పీల్చుట అసాధ్యము. బావిలో ఈదు పిల్లలు బొప్పాయి కాడను నోటబెట్టుకొని మునిగి గాలి పీల్చుట కలదు. మూరెడు లోతున సాగు ఆ ఆట రెండు నిలువుల లోతున సాగదు.

గోదావరి ఎముకలు ఇంకొక పాఠము చెప్పుచున్నవి. బారాపాసారస్ ఎముకలు నది పరచిన పొరలలో దొరికినవి కనుక అది నీటిజంతువు అనుకొనుట తొందరపాటు. ఆ ఎముకలతోకూడ పెద్ద చెట్ల బోదెలు అదే పొరలో పడియున్నవి. చెట్లు నదిలో మొలవవు. వరద వానిని తెచ్చినది. వరదకు కొట్టుకొనివచ్చిన ఎద్దు కళేబరము ఇసుకమేటలో కనబడినంతమాత్రమున ఎద్దు జలచరము కాదు గదా. మరణించినచోటును నివసించినచోటుగా భావించుట ఈ వాదములోని మూలదోషము. కాలి ఎముకలు కూడ నేలనడకనే చెప్పుచున్నవి. కోటాసారస్ తొడ ఎముక నిటారుగా, స్తంభమువలె ఉన్నది. తేలియాడు జంతువునకు స్తంభములతో పనిలేదు.

ఆకుల కొరకు మెడ పెరిగినదా?

ఈ సమాధానమును పూర్తిగా త్రోసివేయుటకు వీలులేదు. అందనిచోటి ఆహారము అందినచో లాభమే. కాని మెడ ఎట్లు నిలిపెడివో ఇంకను వివాదములోనే ఉన్నది. కొన్ని జాతులు మెడను నేలకు సమాంతరముగా చాచియుంచెనని 1999లో స్టీవెన్స్, పారిష్ అనువారు మెడపూసల కీళ్లనుబట్టి వాదించినారు. నేడు బ్రతికియున్న జంతువులు మెడను ఎత్తియే నిలుపుననియు, కావున సారోపాడులును అట్లే నిలిపియుండుననియు 2009లో టేలర్, వెడెల్, నెయిష్ అనువారు ప్రతివాదము చేసినారు. మెడ పైకి పోయినను, ప్రక్కకు పోయినను లాభము మాత్రము ఉన్నది. మేకల కాపరి చేతిలో దోటి ఉన్నచో ఒకచోట నిలబడియే నాలుగు ప్రక్కల కొమ్మలను వంచి మేపగలడు. అట్లే బరువైన మొండెమును కదలింపక, తేలికైన మెడను మాత్రము త్రిప్పి మేసిన జంతువునకు శ్రమ తగ్గును.

అయినను ఈ సమాధానము అసలు ప్రశ్నను తాకుటలేదు. పొడవైన మెడ లాభకరమే అయినచో ఏనుగునకు ఏల రాలేదు? ఆవునకు ఏల రాలేదు? లాభము అందరికి ఉండవచ్చును. పొందుటకు తగిన శరీరము కొందరికే ఉండును. క్షీరదము తిండిని నమలవలెను. నములుటకు దంతములు, దవడలు, వానిని కదపు కండరములు కావలెను. అందువలన తల బరువగును. పొడవైన వాసము చివర రోలును కట్టి ఎత్తలేము. సారోపాడులు ఆకులను త్రుంచి మ్రింగినవే కాని నమలలేదు. గోదావరి లోయలో దొరికిన పళ్లు గరిటెలవంటివి. త్రుంచుటకు తగినవి, నూరుటకు తగినవి కావు. నమలని జంతువునకు చిన్న తల చాలును. చిన్న తలకు పొడవైన మెడ బరువు కాదు. కావున 'ఆకులు ఎత్తుగా ఉన్నవి' అనుటకంటె 'తల చిన్నదిగా ఉండెను' అనుట సత్యమునకు దగ్గర.

గాలి, ఆహారము, శత్రువులు

ఆ యుగమున ప్రాణవాయువు హెచ్చుగా ఉండెనని, వేడిమివలన ఆహారము సమృద్ధిగా ఉండెనని చెప్పు వాదములకు ఒకే ప్రత్యుత్తరము చాలును. గాలి, ఎండ, చెట్లు సారోపాడులకు మాత్రమే దక్కలేదు. అదే కాలమున అదే అడవులలో ఇతర శాకాహార రాక్షసబల్లులు మేసినవి. వానిలో మిక్కిలి పెద్దవైన బాతుమూతి జాతులు కూడ పెద్ద క్షీరదముల బరువుకు దగ్గరగానే నిలిచిపోయినవి. అందరికి సమానమైన కారణము ఒక్కరికి కలిగిన ఫలమును వివరింపజాలదు.

శత్రుభయమునకును ఇదే ఆక్షేపణ వర్తించును. పెద్ద దేహము రక్షణ ఇచ్చునది నిజమే. నిండు వయసు ఏనుగును పులి తాకదు. అయితే జింకకు కూడ పులి భయము కలదు. జింక ఏనుగు కాలేదు. భయమునకు మందు పరిమాణమొక్కటే కాదు. వేగము, కొమ్ము, కవచము, దాగుట మొదలైనవి అనేకము కలవు. ఆ వంశము పరిమాణమను త్రోవనే ఏల పట్టగలిగినదో చెప్పనిదే ఈ వివరణ పూర్తికాదు.

నేటి సిద్ధాంతము

ఈ చిక్కును విప్పుటకు జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ సాండర్, ఆయన సహచరులు అనేక సంవత్సరములు కృషిచేసి, 2011లో బయలాజికల్ రివ్యూస్ పత్రికలో తమ సిద్ధాంతమును ప్రకటించినారు. మహాకాయమునకు ఒక కారణమని లేదు. ఐదు లక్షణముల కలయిక ఉన్నదని దాని సారము. నమలకుండుట ఒకటి, పక్షులవంటి ఊపిరితిత్తులు రెండు, గ్రుడ్లు పెట్టుట మూడు, వేగముగా పెరుగుట నాలుగు, దేహములో మంట త్వరగా రగులు జీవక్రియ ఐదు.

నమలని ఆకు త్వరగా జీర్ణముకాదు. పెద్ద పొట్టలో ఎక్కువ దినములు నిలువయుండి పులియవలెను. ఆ విధమున పొట్ట పెద్దదగుట లాభమే అయినది. ఆనాటి అడవులలోని శంకుధారి వృక్షములు, గుఱ్ఱపుతోక మొక్కలు నిస్సారమైన మేత అని పూర్వము తలచినారు. హుమ్మెల్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు నేటి మొక్కలలో ఆ జాతులవానిని తీసికొని, నెమరువేయు జంతువు కడుపులోని ద్రవమున పులియబెట్టి 2008లో పరీక్షించినారు. గుఱ్ఱపుతోక మంచి మేతయేనని, ఆరాకేరియా ఆకు తగినంతకాలము నిలువయున్నచో చాలినంత శక్తి ఇచ్చునని తేలినది.

ఊపిరి సంగతి ఇంకను ముఖ్యమైనది. పొడవైన మెడలో శ్వాసనాళము పొడవు. క్షీరదమువలె లోనికి పీల్చి అదే దారిన వెలికివదలినచో నాళములోని పాతగాలియే మరల లోనికి పోవుచుండును. పక్షిలో ఊపిరితిత్తులకు చేరి వాయుకోశములు ఉండును. అవి కమ్మరి కొలిమి తిత్తులవలె గాలిని ఊదుచుండగా, ఊపిరితిత్తిలో గాలి ఒకే దిశన ప్రవహించును. మెడపూసలలోనికి కూడ ఈ కోశములు చొచ్చుకొనిపోయి ఎముకను బోలుచేయును. పెద్ద సారోపాడుల మెడపూసల పరిమాణములో సగమునకు మించి గాలియే ఉండెనని మాథ్యూ వెడెల్ లెక్కలు చూపుచున్నవి. ఊపిరియు తీరినది, బరువును తగ్గినది.

గ్రుడ్ల సంగతికి మధ్యప్రదేశములోని ధార్ జిల్లా మంచి ఉదాహరణము. అక్కడ దొరికిన 92 గూళ్లను, 256 గ్రుడ్లను 2023లో వర్ణించినారు. ఆ గ్రుడ్లు 15 మొదలు 17 సెంటీమీటర్ల వ్యాసము గలవి. అంత చిన్న గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల టన్నులకొలది పెరుగవలెనన్న పెరుగుదల వేగముగా ఉండితీరవలెను. ఎముకలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు ఆ వేగమునకు గుర్తులు కనబడినవి. ఏనుగు 22 నెలలు మోసి ఒక్క పిల్లను కనును. కరవు వచ్చి సంఖ్య తగ్గినచో ఆ జాతి తేరుకొనుట కష్టము. ఒకేసారి అనేక గ్రుడ్లు పెట్టు జాతి త్వరగా తేరుకొనును. పెద్ద జంతువులు కొద్దిసంఖ్యలో ఉండియు వంశము నిలుపుకొనుటకు ఇది తోడ్పడినది.

సిద్ధాంతముపై విమర్శ

ఈ సిద్ధాంతము పూర్వపు వాదములన్నిటికంటె బలమైనది. ఒక్క కారణమును పట్టుకొని వ్రేలాడకుండుట దాని గొప్పతనము. అయినను దానికిని హద్దులు కలవు.

మొదటిది, కాలక్రమమును గూర్చినది. ఈ ఐదు లక్షణములను ఒక గొలుసుగా చదివినప్పుడు అన్నియు కలిసికట్టుగా వచ్చి మహాకాయమును నిర్మించినట్లు తోచును. గోదావరి ఎముకలు అట్లు చెప్పుటలేదు. బారాపాసారస్ కాళ్లు అప్పటికే స్తంభములు. కటివలయమును మోయు పూసలు నాలుగు కలిసి గట్టి ఆధారముగా ఏర్పడియున్నవి. కాని దాని మెడపూసల ప్రక్కలయందున్నవి లోతులేని గుంటలే. తరువాతి జాతుల పూసలవలె తేనెపట్టు గదులుగా అవి తొలుచుకొనిపోలేదు. కోటాసారస్ పూసలు దానికంటెను సాదావి. అనగా బరువు మోయు కాళ్లు ముందు సిద్ధమైనవి. బరువు తగ్గించు బోలుతనము ఇంకను మొదలుదశలోనే ఉన్నది. ఇక గ్రుడ్లు పెట్టుట, నమలకుండుట అంతకంటె పాతవి. నంబాలియావంటి చిన్న జంతువుల నాటికే అవి వంశపారంపర్యముగా వచ్చుచున్నవి. వాయుకోశముల జాడలు మాంసాహార రాక్షసబల్లులలోను, వాని సంతతియైన పక్షులలోను ఉన్నవి గనుక వాని మూలము కూడ పురాతనమే. ఈ సామగ్రిలో ఎక్కువభాగము మహాకాయముకంటె ముందుది. వేరువేరు కాలములలో, వేరువేరు ప్రయోజనములతో సమకూడినది తరువాత కలిసివచ్చినది.

రెండవది, ఇతర మార్గములను గూర్చినది. అర్జెంటీనాలో దొరికిన ఇంజెన్షియా, దక్షిణ ఆఫ్రికాలో దొరికిన లెడుమహాడి అను జాతులు 2018లో వర్ణింపబడినవి. ఇవి నిజమైన సారోపాడుల శాఖకు వెలుపలివి. వీని కాళ్లు స్తంభములు కావు, వంగియుండునవి. అయినను ఇవి 10 టన్నుల బరువునకు అటునిటుగా పెరిగినవి. కావున మహాకాయమునకు పోవు దారి ఒక్కటే కాదు. అయితే ఆ దారి ముందుకు సాగలేదు; ఆ శాఖలు అంతరించినవి. స్తంభములవంటి కాళ్లుగల శాఖ నిలిచినది.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఒక పనికి వీలు కల్పించుట వేరు, ఆ పని జరిపించుట వేరు. ఐదు లక్షణములును పెరుగుటకు వీలు కల్పించినవి, పెరిగితీరవలెనని నిర్బంధింపలేదు. విత్తు, నీరు, నేల ఉన్నంతమాత్రమున ప్రతి పొలమును ఒకే పంట పండదు. జర్మనీలో దొరికిన యూరోపాసారస్ సారోపాడే. ఆ ఐదు లక్షణముల వారసత్వము దానికిని ఉన్నది. కాని అది దీవిలో బ్రతికినది. కొద్దిపాటి మేతతో 6 మీటర్ల పొడవునకు కుదించుకొనిపోయినది. సారోపాడుల వంశమున అసాధారణమైన పరిమాణము సుమారు మూడు డజనుల సార్లు వేరువేరుగా సంభవించినదని 2023లో మైకేల్ డెమిక్ చూపినాడు. మహాకాయము ఒక్కసారి జరిగిన సంఘటన కాదు. ప్రతిసారియు దానిని ప్రేరేపించిన స్థానిక కారణము వేరుగా వెదకవలసియున్నది.

అట్టి ప్రేరణ ఒకటి గోదావరి కాలమునకు దగ్గరలోనే కనబడుచున్నది. పటగోనియాలో దొరికిన బగువాలియా అను 17.9 కోట్ల సంవత్సరముల నాటి సారోపాడును 2020లో పోల్, ఆయన సహచరులు వర్ణించినారు. ఆ సమయమున దక్షిణ ఖండములలో మహా అగ్నిపర్వత విస్ఫోటములు జరిగి వాతావరణము మారినది. మెత్తని మొక్కలు తగ్గి శంకుధారి వృక్షములు వ్యాపించినవి. బలమైన దవడలు, గట్టి పళ్లు గల సారోపాడులు నిలిచి, తక్కిన పొడవుమెడ శాఖలు నశించినవని వారి అభిప్రాయము. భారతభూమి అప్పుడు ఆ దక్షిణ ఖండములతో కలిసియే ఉండెను. కోట జంతువులు ఆ విపత్తునకు ముందువా, తరువాతివా అనునది ఆ పొరల వయస్సు నిర్ణయముపై ఆధారపడియున్నది. ఆ నిర్ణయము ఇంకను సూక్ష్మము కావలసియున్నది. అంతవరకు గోదావరి సాక్ష్యము శరీరనిర్మాణమును గూర్చి బలమైనది, కారణమును గూర్చి బలహీనమైనది.

పేరు, విభక్తి

తెలుగులో ఈ విషయమును బోధించుటకు రెండు అడ్డంకులు కలవు. ఒకటి పేరు. 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టిన గ్రీకు పేరును అనువదించి రాక్షసబల్లి అన్నాము. వాడుకలో స్థిరపడిన ఆ మాటను ఇప్పుడు మార్చుట అనవసరము. కాని అందులోని బల్లి దారి తప్పించును. బల్లి కాళ్లు ప్రక్కలకు చాచియుండును, దీని కాళ్లు మేనిక్రింద స్తంభములు. బల్లి మెల్లగా పెరుగును, ఇది వేగముగా పెరిగినది. ఊపిరి విషయమున దీని చుట్టరికము గోడమీది బల్లితో కాదు, పెరటి కోడితో. బల్లిని పెంచి రాక్షసబల్లిని ఊహించుకొన్న విద్యార్థికి దాని పరిమాణము ఎన్నటికిని అర్థముకాదు.

రెండవ అడ్డంకి వ్యాకరణములో ఉన్నది. ఆకుల కొరకు మెడ, రక్షణ కొరకు దేహము అని చెప్పునప్పుడు చతుర్థీ విభక్తి తెలియకుండగనే ఒక ఉద్దేశమును జంతువునకు అంటగట్టుచున్నది. ఏ జంతువును తన మనుమలు 50 టన్నులు కావలెనని సంకల్పింపలేదు. ఉన్న భేదములలో ఆయా కాలమునకు తగినవి నిలిచినవి, తగనివి పోయినవి. ప్రకృతి వరణమనగా ఇంతే. నమలకుండుట వలన తల చిన్నదైనది. తల చిన్నదగుట వలన మెడ పొడవగుటకు వీలు కలిగినది. మెడ పొడవగుట వలన మేత హెచ్చినది. ఇక్కడ అవసరమైనది పంచమి. ఈ చిన్న సవరణ చేయనిచో పరిణామ సిద్ధాంతము కోరికలు తీరు కథగా మిగులును. పరీక్షలో మార్కులు వచ్చినను శాస్త్రము రాదు.

తుక్కుగూడవంటి గ్రానైటు సీమలోని పాఠశాలల విద్యార్థులకు ఈ ఎముకలను చూచు అవకాశము హైదరాబాదు ప్రదర్శనశాలలోనే కలదు. అక్కడ పొడవెంత, ఎత్తెంత అని అడిగి వెనుదిరిగినచో దాని విలువలో అరవీసమే దక్కును. నిజమునకు కోటాసారస్ తన వంశములో పెద్దది కాదు. బరువులో ఏనుగుకంటె తక్కువదే కావచ్చును. పరిమాణము చేత కాక, అది నిలిచిన మెట్టుచేత దానికి విలువ వచ్చినది. తొడ ఎముక నిటారుతనమును, మెడపూసల సాదాతనమును చూచి, రెండును ఒకే జంతువులో ఏల ఉన్నవని ప్రశ్నించుట విద్యార్థికి నేర్పవలెను. తలను చూచునప్పుడు మాత్రము జాగ్రత్త అవసరము. ఈ జాతి కపాలము ఇంతవరకు దొరకలేదు. పళ్లు మాత్రమే దొరికినవి. బారాపాసారస్ సంగతియు అట్టిదే. కావున ఏ కూర్పునందైనను వీని తల ఇతర జాతులనుబట్టి ఊహించినదే.

ఈ లోపము చిన్నది కాదు. నమలకుండుట, చిన్న తల అనునవి నేటి సిద్ధాంతమునకు మూలస్తంభములు. వానిని గోదావరి జంతువులలో నేరుగా పరీక్షించుటకు కపాలమే ఆధారము. వందలకొలది ఎముకలు దొరికిన ప్రాణహిత ఒడ్డులలో వర్షములకు మట్టి కొట్టుకొనిపోయి ఏటేట కొత్త ఎముకలు బయటపడుట, బయటపడినవి ఎండకు, వానకు పగిలి పొడియగుట జరుగుచునే ఉండును. పొలములో వింతరాయి కనబడినప్పుడు దానిని పగులగొట్టక, ఉన్నచోటనే ఉంచి తెలిసినవారికి కబురు చేయవలెనని ఆ ప్రాంతపు పాఠశాలలలో నేర్పినచో మేలు కలుగును. దొరకవలసినది మనిషి దోసిట పట్టునంతటి కపాలపు తునుక కావచ్చును. అది దొరికిననాడు ఈ వ్యాసములోని సమాధానములను కూడ మరల తూచి చూడవలసియుండును.